రాళ్ళెత్తిన కూలీ 'లెవరు'? 'లెవ్వరు'?

అరసున్న: సిడ్నీలోని ఎవ్‌లీ రైల్వే వర్క్‌షాపుల గురించి చదువుతున్నాను. 1880లలో కట్టిన బోగీల షెడ్లు. మూతపడ్డాక, 2007 నుంచి కారేజ్‌వర్క్స్ పేరుతో అక్కడ నాటకాలూ చిత్రప్రదర్శనలూ. ఇటుక గోడలు, పోతఇనుము స్తంభాలు అలాగే ఉంచారు. అప్పట్నుంచీ శ్రీశ్రీ పాదం ఒకటి వదలట్లేదు: 'తాజ్‌మహల్ నిర్మాణానికి రాళ్ళెత్తిన కూలీలెవరు'. ఎక్కడో కుంటుతోంది. సరిచెయ్యరూ?

గణయతి: 'లెవ్వరు' అండీ. ఇందులో ఒక్కో సగానికి 14 మాత్రలుండాలి; పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ, వత్తుకి ముందున్నదానికీ, పొల్లుతో ముగిసేదానికీ రెండు. రాళ్ళెత్తిన ఆరు, కూలీ నాలుగు, లెవ్వరు నాలుగు: 14 మాత్రలు. వత్తు తీస్తే 13.

పుటలు: మొదటి కుంటు వదిలేశారు గురువుగారూ. 'తాజ్‌మహల్' అయిదే. 'తాజమహల్' అంటేనే ఆరు, 'నిర్మాణానికి' ఎనిమిదితో కలిపి 14.

గణయతి: చెప్పబోతున్నాను, తొందరపడ్డారు. అయినా సభల్లో 'తాజ్' దగ్గర కాస్త సాగదీసి చదివేస్తారు, ఎవరికీ పట్టదు.

పుటలు: సాగదీస్తే వచనం కూడా సరిపోతుంది. అంతకుముందు 'నైలునదీ నాగరికతలో' అని దీర్ఘం పెట్టి 14 నింపినవాడు ఇక్కడ గాలికొదిలేస్తాడా?

గణయతి: ఆ దీర్ఘం సంస్కృత సమాసం ఇచ్చింది, ఆయన పెట్టింది కాదు. సాక్ష్యం చెల్లదు.

బండిరా: మీరిద్దరూ విడగొట్టేది తప్పు. రాళ్ళెత్ / తినకూ / లీలెవ్ / వరు. నాలుగు, నాలుగు, నాలుగు, రెండు. అచ్చం పట్టాల అతుకుల మీద చక్రాల చప్పుడు. అరసున్నగారికి రైలు షెడ్డు చూడగానే ఈ పాదం ఊరికే గుర్తురాలేదు!

గణయతి: ఆ లెక్కన ముత్యాలసరం ఛందస్సు మూడు-నాలుగు నడక కూడా రైలే. గురజాడకీ టికెట్ కొనండి.

అరసున్న: నడక కోసం కాదండీ, అర్థం కోసం గుర్తొచ్చింది. ఏ పనికి ఎంతసేపు పట్టిందో కార్డుల్లో ఎక్కించే పద్ధతి తెచ్చారని 1917 ఆగస్టులో ఆ షెడ్లలోనూ, రాండ్విక్ ట్రాం వర్క్‌షాపులోనూ పని ఆపేశారు. సమ్మె రాష్ట్రమంతా పాకింది. 2017లో కారేజ్‌వర్క్స్‌లోనే దాని మీద ప్రదర్శన పెట్టారు. అంటే అక్కడ 'ఎవ్వరు' అని ఎవరో ఒకరు అడిగారు.

బండిరా: అందుకే వత్తు. 'ఎవరు' అంటే అడగడం, 'ఎవ్వరు' అంటే నిలదీయడం.

పుటలు: అది పాత రూపం, అంతే. 'ఎవ్వనిచే జనించు' అన్నప్పుడు పోతన ఎవర్ని నిలదీశాడు?

బండిరా: గజేంద్రుడు నిలదీయలేదా? 'కలడు కలండనెడువాడు కలడో లేడో' అనేశాడుగా! అంతకంటే నిలదీయడం ఏముంటుంది?

పుటలు: అది సందేహం. నిలదీయడానికి ఎదురుగా ఒకడుండాలి.

గణయతి: ఆ 'లేడో' మీద పోయినసారి మూడు వారాలు కొట్టుకున్నాం. మళ్ళీ మొదలెట్టకండి బాబూ.

అరసున్న: అసలు సంగతి... లండన్ కింగ్స్ క్రాస్‌లో కోల్ డ్రాప్స్ యార్డ్ ఉంది. వాగన్లలోంచి బొగ్గు కింది తొట్లలోకి రాల్చే చోటు. 2018 నుంచి అక్కడ ఖరీదైన దుకాణాలు. కమానులు తళతళలాడుతున్నాయి, బొగ్గు మోసినవాళ్ళ ఊసు పేరులో తప్ప ఎక్కడుందో వెతుక్కోవాలి. పల్లకీ మిగిలింది, బోయీలు లేరు.

పుటలు: 'పల్లకీ' కాదండీ, ఆ గేయంలోనే 'ప్రభువెక్కిన పల్లకి కాదోయ్, అది మోసిన బోయీలెవ్వరు' అన్నచోట 'పల్లకి'. దీర్ఘం పెడితే అయిదు మాత్రలవుతాయి.

గణయతి: అయితే 'కాదోయ్' ఎన్ని మాత్రలంటారు? యకారం పొల్లుగా ఉంది, చూసుకోండి.