రాకెట్ లాంచ్ కంట్రోలర్‌కి ఏ బ్యాటరీ కొనాలి?

ప్లేనో_నాన్న:
అందరికీ నమస్తే. మార్చిలో మా తెలుగు బడి పిల్లలతో డాలస్ దగ్గర ఒక గ్రౌండ్‌లో మోడల్ రాకెట్లు ఎగరేద్దామనుకుంటున్నాం. ఇరవై మంది దాకా వస్తారు, తలా ఒక రాకెట్. ఎక్కువగా ఏ8-3, బీ6-4 అనే చిన్న రకం మోటార్లే. కిట్‌తో వచ్చిన కంట్రోలర్ (బటన్ నొక్కి రాకెట్‌ని అంటించే పెట్టె) నాలుగు డబుల్-ఏ బ్యాటరీలతో నడుస్తుంది. చలి రోజుల్లో బటన్ నొక్కి పట్టుకున్నా ఇగ్నైటర్ (మోటార్‌ని అంటించే సన్న తీగ) ఎర్రబడటానికి టైమ్ పడుతోంది, ఒక్కోసారి అసలు అంటుకోవడం లేదు. అందరూ కలిసి కౌంట్‌డౌన్ అరిచాక రాకెట్ కదలకపోతే ఆ చిన్నపిల్లల మొహాలు చూడలేం. అందుకే 10 మీటర్ల వైరుతో కొత్త కంట్రోలర్ నేనే కడుతున్నాను. ఇంట్లో 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంది. అది చాలదా? లేక 12 వోల్టులది వేరే కొనాలా?

ఆర్‌సీ_పిచ్చి:
3ఎస్ లిపో (మూడు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ) తీసుకోండి అన్నా. జేబులో పట్టేస్తుంది, ఎంత కరెంట్ అడిగినా ఇస్తుంది. నా రిమోట్ విమానాలన్నిటికీ అవే.

వైరింగ్_బాబాయి:
పవర్ బ్యాంక్ వద్దండి. ఇక్కడ ఎంఏహెచ్ (ఎంత నిల్వ ఉందో) చూడక్కర్లేదు, ఒక్కసారిగా ఎంత కరెంట్ ఇవ్వగలదో చూడాలి. ఇగ్నైటర్ రెసిస్టెన్స్ సుమారు ఒక ఓమ్. పవర్ బ్యాంక్‌కి అది షార్ట్ సర్క్యూట్‌లా కనిపించి తనంతట తనే ఆగిపోతుంది. మీ డబుల్-ఏల సంగతి వేరు. బిందె నిండా నీళ్లున్నా మూతి సన్నగా ఉంటే ధార రాదు కదా, అలాగే వాటి లోపలి రెసిస్టెన్స్ చలికి, వాడకానికి పెరిగిపోతుంది. ఆరు వోల్టుల్లో సగం బ్యాటరీలోనే ఖర్చయిపోతుంది.

నా ఓటు 12 వోల్టుల 7 ఏహెచ్ (అంటే 7,000 ఎంఏహెచ్) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకే. ఇళ్లలో కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండేది అదే. రెండు కిలోలకు పైనే బరువు, కానీ మనం దాన్ని నేల మీదే పెడతాం కదా. లెక్క చూడండి: 10 మీటర్ల వైరంటే రానూపోనూ 20 మీటర్ల రాగి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దాదాపు 0.46 ఓమ్. దానికి ఇగ్నైటర్, క్లిప్పులు కలిపి మొత్తం 1.6 ఓమ్ అనుకున్నా సుమారు 8 ఆంప్స్ పారుతుంది. ఇగ్నైటర్‌కి రెండు ఆంప్స్ చాలు. నొక్కిన వెంటనే అంటుకుంటుంది. ఒక్కో లాంచ్‌కి ఒక సెకను వేసుకుంటే వంద లాంచ్‌లకు పావు ఏహెచ్ కూడా ఖర్చు కాదు. అంతకంటే పెద్దది కొనడం దండగ.

లిపో మంచిదే, తమ్ముడు చెప్పింది నిజమే. నేనొక్కడినే వెళ్తే అదే పట్టుకెళ్తా. కానీ చుట్టూ ఇరవై మంది పిల్లలున్నచోట, కింద పడినా, గుచ్చుకున్నా, షార్ట్ అయినా మంట లేచే వస్తువు నేను పెట్టను. ఈ ఒక్క విషయంలో నాతో ఎవరూ వాదించకండి.

ప్లస్ టెర్మినల్ పక్కనే 10 ఆంప్స్ కారు ఫ్యూజ్ తప్పకుండా పెట్టండి. రాకెట్ లేచాక క్లిప్పులు కింద ఉన్న మెటల్ ప్లేట్ మీద పడి ఒకదానికొకటి తగులుతాయి. బటన్ ఇంకా నొక్కి ఉంటే పాతిక ఆంప్స్ పారుతుంది. స్పేర్ ఫ్యూజులు జేబులో ఉంచుకోండి.

ఇంకొకటి. పాత కంట్రోలర్‌కే 12 వోల్టులు తగిలించేద్దామనుకోకండి. అందులో ఆరు వోల్టుల చిన్న బల్బు ఉంటే మాడిపోతుంది. పైగా కంటిన్యుటీ (సర్క్యూట్ ఎక్కడా తెగలేదని) చూసేటప్పుడు ఆ బల్బు కరెంటే ఇగ్నైటర్ గుండా వెళ్తుంది, సున్నితమైన రకమైతే కంట్రోలర్ సేఫ్టీ తాళంచెవి తిప్పగానే అంటుకోవచ్చు. బల్బు బదులు ఎల్ఈడీ, దానికి వరుసలో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 12 వోల్టులకు సుమారు పది మిల్లీఆంప్సే పారుతుంది.

ఆస్టిన్_అక్క:
మా గ్యారేజ్‌లో పాత యూపీఎస్ ఉంది. అందులోది పనికొస్తుందా? మీటర్‌లో 12.6 చూపిస్తోంది.

వైరింగ్_బాబాయి:
ఖాళీగా ఉన్నప్పుడు చూపే వోల్టులను నమ్మకమ్మా. ముసలి బ్యాటరీ కూడా 12.6 చూపిస్తుంది. 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు తగిలించి ఒక నిమిషం చూడు. నాలుగున్నర ఆంప్స్ లాగుతుంది. 12 దగ్గర నిలబడితే వాడుకో, 11 కిందకి జారితే రీసైక్లింగ్‌కి ఇచ్చేయ్. కొత్తది కొన్నా మూడు నెలలకోసారి ఛార్జ్ చెయ్యాలి, ఖాళీగా వదిలేస్తే పాడైపోతుంది.

ప్లేనో_నాన్న:
చాలా థాంక్స్ బాబాయ్‌గారూ, టెన్షన్ తగ్గింది. 7 ఏహెచ్‌దే ఆర్డర్ పెడుతున్నా. డ్రిల్ బ్యాటరీ కూడా ఉంది, స్పేర్‌గా ఉంచుకోనా?

వైరింగ్_బాబాయి:
ఉంచుకోండి. 18 వోల్టులదైనా ఈ వైరుకి పనిచేస్తుంది, అడాప్టర్ ప్లేట్ దొరుకుతుంది. 11 ఆంప్స్ పైనే పారుతుంది కాబట్టి దానికి 15 ఆంప్స్ ఫ్యూజ్ వేయండి.

కంట్రోలర్ తాళంచెవి మాత్రం ఒక్కటే ఉండాలి. రాకెట్ దగ్గరికి ఎవరు వెళ్తే తాళం వాళ్ల చేతిలో ఉండాలి, కంట్రోలర్‌లో కాదు. బటన్ నొక్కినా రాకెట్ లేవకపోతే తాళం తీసి పూర్తిగా 60 సెకన్లు ఆగాకే ఎవరైనా దగ్గరికి వెళ్లాలి. ఈ మోటార్లకు పిల్లలు కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలి. మీ వైరు అంతకు రెండింతలుంది కాబట్టి అందరినీ మీ వెనకే నిలబెట్టండి. ఎండుగడ్డి ఉంటే ముందే తీయించండి.