ఈ ఆదివారం సమస్య: తండ్రి నీచుడైన తనయుడుచ్చ

నాగావళి గట్టు (సంచాలకుడు)

మిత్రులకు నమస్కారం. ఈ వారం మీ పద్యానికి చివరి పాదంగా పెట్టి పూరించాల్సిన సమస్య ఇది:

*తండ్రి నీచుడైన తనయుడుచ్చ*

ఇది ఎక్కడిదో చెబుతాను. మొన్న మా ఇంటికి చుట్టాలొచ్చారు. ఆరేళ్ళ పిల్లాడి జాతకం ఎవరికో చూపించారట. 'రవి నీచపట్టాడు, తండ్రికి మంచిది కాదు' అన్నారట ఆయన. ఆ మాట వీళ్ళు భోజనాల దగ్గర పిల్లాడి ముందే అనేశారు. వాడు అన్నం కలుపుతూ ఆగి, "నాన్నా, నీచ అంటే ఏంటి?" అని అడిగాడు. వాళ్ళ నాన్న నీళ్ళు తాగాడు గానీ సమాధానం చెప్పలేదు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఈ పాదం నోట్లో ఉంది.

నియమం ఒక్కటే. తండ్రిని తిట్టకుండా పూరించండి.

బొబ్బిలి సిద్ధాంతి

సంచాలకులు మా వీధిలోకే వచ్చారు కాబట్టి తొలి పూరణ నాది.

*తులను రవికి నీచ తొలగదెప్పటికైన*
*ఛాయసుతున కచటె చాల నుచ్చ*
*ఒక్క యింట నిద్ద రొదిగియుండిన వేళ*
*తండ్రి నీచుడైన తనయుడుచ్చ*

రవికి తులలో 10వ భాగ (డిగ్రీ) పరమనీచ, అంటే బలం బాగా తగ్గే చోటు. అదే తులలో 20వ భాగ ఛాయాదేవికి పుట్టిన రవి కొడుకు శనికి పరమోచ్చ, అంటే బలం బాగా పెరిగే చోటు. మేషానికి వెళ్తే తిరగబడుతుంది, అక్కడ రవి ఉచ్చ, శని నీచ. ఏ రాశిలో తండ్రి పైకి లేస్తే అక్కడ కొడుకు దిగుతాడు. గ్రహాల్లో ఇలాంటి తండ్రీకొడుకులు మరొకరు లేరు.

కళింగపట్నం మాష్టారు

విషయం బాగుంది సిద్ధాంతిగారూ. కానీ 'ఛాయసుతుడు' ఎక్కడి సమాసం? ఛాయాసుతుడు. దీర్ఘం మింగేశారు. దీర్ఘం పెడితే గణం పోతుంది, అది మీకూ తెలుసు, అందుకే మింగారు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పిల్లలకు ఇదే తప్పు దిద్దాను. పెద్దవాళ్ళు చేస్తే ఊరుకోలేను.

పైగా 'చాల నుచ్చ' ఏమిటి? ఉచ్చలో చాలా, కొంచెం ఉంటాయా? యతి కోసం తెచ్చి కూర్చోబెట్టిన 'చాల' అది.

బొబ్బిలి సిద్ధాంతి

ఉంటాయి మాష్టారూ. ఉచ్చ వేరు, పరమోచ్చ వేరు. 20వ భాగకు దగ్గరయ్యేకొద్దీ బలం పెరుగుతుంది. కాబట్టి 'చాల' వ్యర్థపదం కాదు, శాస్త్రం. దీర్ఘం మాటకు మాత్రం తల వంచుతున్నాను. 'ఛాయపట్టి కచటె చాల నుచ్చ' అంటే సరిపోతుందా?

కళింగపట్నం మాష్టారు

సరిపోతుంది. పట్టి అచ్చతెలుగు మాట, చెవికి కూడా హాయిగా ఉంది. ముందే అనాల్సింది.

పొందూరు పడుగుపేక

పెద్దల మధ్య మాట్లాడుతున్నాను, మన్నించాలి. నాకు మూడో పాదం దగ్గర అనుమానం. 'ఒదిగియుండిన' అన్నారు. రవికి అంత దగ్గరగా ఒదిగితే శని అస్తంగతుడవుతాడు కదా? 15 భాగల లోపు ఉంటే శనికి అస్తంగత్వం చెబుతారు. ఉచ్చలో ఉన్నా తండ్రి వెలుగులో కొడుకు కనిపించడు. మీ పద్యంలో మీరే కొడుకును మాయం చేశారు గురువుగారూ.

బొబ్బిలి సిద్ధాంతి

అమ్మా, దెబ్బ సరిగ్గా తగిలింది. ఇరవయ్యేళ్ళుగా పంచాంగం గుణిస్తున్నవాణ్ణి, ఈ మాట నాకే తట్టాలి. 2012లో, 2013లో అక్టోబరు నెలాఖరుకి రవి, శని ఇద్దరూ తులలో ఉన్నారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లల జాతకాలు నా దగ్గరికి చాలానే వచ్చాయి. ముందు ఇద్దరి మధ్య దూరం ఎంతో లెక్కవేసి గానీ మాట చెప్పలేదు. పద్యంలో మరిచిపోయాను. మూడో పాదం మారుస్తున్నాను:

*ఒక్క యింట నున్న నొకరికొకరు దవ్వు*

నాగావళి గట్టు (సంచాలకుడు)

ఒక్క యింట నున్న నొకరికొకరు దవ్వు! సిద్ధాంతిగారూ, తప్పు దిద్దుకోబోయి పద్యాన్నే పైకెత్తారు. ఈ పాదం చదివి మా అన్నయ్యకు ఫోన్ చేయాలనిపించింది. మా నాన్నకూ అన్నయ్యకూ మాటలు లేని రోజుల్లో ఇద్దరూ ఒకే వసారాలో పడుకునేవారు.

కళింగపట్నం మాష్టారు

ఆ ఘనతలో సగం పొందూరు అమ్మాయిది. ఇది ఎందుకంటున్నానంటే, రథసప్తమికి ఇచ్చిన సమస్య గుర్తుందా? 'అర్ధరాత్రి సూర్యుడవని వెలిగె'. అరసవల్లిలో ఆ రోజు అర్ధరాత్రి నుంచే క్షీరాభిషేకం, నిజరూప దర్శనం మొదలవుతాయి కాబట్టి అర్ధరాత్రే సూర్యదర్శనం అని సిద్ధాంతిగారు పూరించారు. అందరూ ఆహా అన్నారు. ఆ ఊహ అంతకు రెండు రోజుల ముందు నేను ఫోన్‌లో ఆయనకు చెప్పినదే.

బొబ్బిలి సిద్ధాంతి

మాష్టారూ, మీరు చెప్పింది రథసప్తమి గురించి, నిజమే. కానీ మీ పూరణలో అది ఎందుకు రాలేదు? మీరు అమెరికాలో పగలు అని రాశారు. ఆహా అన్నవాళ్ళలో మొదటివారు మీరే, ఆ మాట ఇంకా అక్కడే ఉంది. చూసుకోండి.

అర్ధరాత్రి అన్నారు కాబట్టి ఒక మాట. మనమంతా రవి పితృకారకుడు, అంటే జాతకంలో తండ్రిని సూచించే గ్రహం అనే ఒక్క సూత్రం పట్టుకుని రాస్తున్నాం. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో పగలు పుట్టినవారికి రవిని, రాత్రి పుట్టినవారికి శనిని తండ్రిగా చెప్పాడు. అంటే రాత్రి పుట్టిన పిల్లాడికి తులలో శని ఉంటే తండ్రి గ్రహమే ఉచ్చ. సంచాలకుల చుట్టాల పిల్లాడు ఏ వేళ పుట్టాడో ఆ చూసినాయన అడిగాడా? రవి నీచ కనిపించగానే తండ్రికి గండం అనడం శాస్త్రం కాదు. చంద్రుణ్ణి చూడాలి, తొమ్మిదో ఇల్లు చూడాలి, నీచభంగం, అంటే నీచ దోషాన్ని తొలగించే యోగం ఉందేమో చూడాలి. ఇవేమీ చూడకుండా పసివాడి ముందు ఆ మాట అన్నందుకు నాకు నిజంగా కోపంగా ఉంది.

టెక్కలి కుర్రాడు

నాది కూడా చూడండి. మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

*వలస వెళ్ళి తండ్రి పరులకు కూలియై*
*పదవి నొందె సుతుడు, పదింట నిలిచి*
*రవి బలమ్ము నీయ రాజసేవయె దక్కె*
*తండ్రి నీచుడైన తనయుడుచ్చ*

జాతకంలో పదింట రవికి దిగ్బలం (ఉన్న చోటు వల్ల వచ్చే బలం) కదా. పదో ఇల్లు నడినెత్తి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉండే చోటు. రాజు, ప్రభుత్వం, ఉద్యోగం అన్నీ రవి కారకత్వాలే. అందుకే కొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చిందని రాశాను.

కళింగపట్నం మాష్టారు

తమ్ముడూ, 'పదింట' దగ్గర జగణం దూరింది. చదివితే నాలుక తట్టుకుంటుంది, వినిపించలేదా? 'పదవి నొందె సుతుడు పదవ యింట' అని రాయి. గణం కుదురుతుంది, పదవి, పదవ పక్కపక్కన చేరి పాదానికి అందం కూడా వస్తుంది. కింది పాదంలో 'రవి బలమ్ము నీయ' దీనికి చక్కగా అతుక్కుంటుంది.

ఇది చిన్న తప్పు. పెద్దది వేరే ఉంది. వలస వెళ్ళి కూలి చేసి కొడుకును చదివించినవాణ్ణి నీచుడంటావా? మన జిల్లాలో ఎన్ని ఇళ్ళల్లో తండ్రులు అలా వెళ్ళారు! నియమం మొదటే చెప్పారు, చదవలేదా?

టెక్కలి కుర్రాడు

మాష్టారూ, డబ్బులో కింద ఉన్నాడని నా అర్థం. మా నాన్న కూడా అలా వెళ్ళినవాడే. ఆయన్ని నేను తిడతానా? మాట సరిగా పడలేదు. పదవ యింట అని దిద్దుకున్నాను. నాలుగో పాదానికి నా దగ్గర దారి లేదు, ఈ పద్యం పోటీలోంచి తీసేయండి.

పొందూరు పడుగుపేక

తీయకు తమ్ముడూ, ఉండనీ. నాది ఇది:

*పాదసీమ వెలుగు పడినట్టి మాసాన*
*తులకు జారె రవియు, దొరతనంబు*
*కొడుకు చేతి కిచ్చి కూర్మితో దిగివచ్చె*
*తండ్రి నీచుడైన తనయుడుచ్చ*

అరసవల్లిలో అక్టోబరు మొదట్లో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయి. అదే నెలలో రవి తులలోకి దిగుతాడు. దిగడం ఓటమి కాదు, కొడుక్కి గద్దె ఇచ్చి దిగడం అనుకున్నాను.

బొబ్బిలి సిద్ధాంతి

పద్యం నడక నీ చేనేత అంత నున్నగా ఉందమ్మా. అయితే కిరణాలు పడేది అక్టోబరు 1, 2 తేదీల్లో. అప్పటికి రవి ఇంకా కన్యలోనే, సగం దారిలో ఉంటాడు. తులాసంక్రమణం 17 ప్రాంతంలో. పరమనీచకు మరో పది రోజులు. ఇంగ్లీషు నెల లెక్కన నీ 'మాసాన' చెల్లుతుంది, సౌరమాసం లెక్కన చెల్లదు.

ఇంకొకటి. రవికి శని శత్రువు, శనికి రవి శత్రువు. శాస్త్రం ఇద్దరికీ శత్రుత్వం చెబుతుంటే 'కూర్మితో' ఎలా దిగివచ్చాడు?

పొందూరు పడుగుపేక

నెల మాట ఒప్పుకుంటున్నాను. కూర్మి మాట ఒప్పుకోను గురువుగారూ. కొడుకు శత్రువనుకున్నా తండ్రికి కూర్మి పోదు. మా ఇంట్లో చూశాను కాబట్టి రాశాను.

నెల్లిమర్ల నార

అందరివీ చదివాను. నాకు శాస్త్రం రాదు. గుర్తున్నది రాశాను.

*అరసవల్లి గుడికి నందరు తరలంగ*
*కూరుచుండి నాన్న కొడుకు నెత్తె*
*భుజము నెక్కి బిడ్డ పొద్దును జూచెను*
*తండ్రి నీచుడైన తనయుడుచ్చ*

నాన్న జనపనార కట్టలు మోసేవాడు. ఒక రథసప్తమికి నెల్లిమర్ల నుంచి పాసింజరులో శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, బస్సెక్కి వెళ్ళాం. జనంలో నాకు మనుషుల నడుములు తప్ప ఏమీ కనిపించలేదు, ఏడుపందుకున్నాను. నాన్న ఆ తోపులాటలోనే గొంతుకు కూర్చున్నాడు. మెడలోని తువ్వాలు తీసి, బస్తాకు చుట్టకుదురు చుట్టినట్టే చుట్టి కుడి భుజం మీద పెట్టుకున్నాడు, నాకు ఎముక గుచ్చుకోకుండా. "ఎక్కరా" అన్నాడు. లేచేటప్పుడు ఆయన మోకాలు చిటుక్కుమంది, నాకు పైకి వినిపించింది. అప్పటికి గోపురం వెనక ఆకాశం ఎర్రబడుతోంది. "కనిపించాడా?" అని కింది నుంచి అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు కనిపించలేదు.

టెక్కలి కుర్రాడు

అన్నా, నేను రాయాలనుకున్నది ఇదే.

బొబ్బిలి సిద్ధాంతి

ఈ పద్యంలో గ్రహం లేదు, రాశి లేదు. రవి కారకత్వం మొత్తం ఉంది. ఒక్క సందేహం. నీచ శబ్దానికి కిందనున్నవాడు అనే అర్థం చెల్లుతుందా? మాష్టారు ఒప్పుకుంటేనే ఇది నిలుస్తుంది.

కళింగపట్నం మాష్టారు

చెల్లుతుంది. అసలు అర్థమే అది. పాణిని 'ఉచ్చైరుదాత్తః, నీచైరనుదాత్తః' అన్నాడు. పైస్థాయి స్వరం ఉదాత్తం, కింది స్థాయి స్వరం అనుదాత్తం. అక్కడ నీచ అంటే దిగువ, అంతే. అనుదాత్తం పలికితే పాపమని ఎవరైనా అన్నారా? వేదంలో అది లేకుండా ఒక్క మంత్రం నడవదు. జ్యోతిషంలోనూ ముందు ఇదే అర్థం, ఎత్తు పల్లాల లెక్క. దుర్మార్గుడు అనే అర్థం మనం తర్వాత తగిలించుకున్నది. తమ్ముడూ టెక్కలీ, నీ పద్యం మీద నేను అరిచింది ఆ రెండో అర్థం పట్టుకునే. కూర్చున్నవాడు నీచుడైతే, మోయడానికి వంగినవాడూ నీచుడే. నీ పద్యం ఉంచుకో, తీయనక్కర్లేదు.

నెల్లిమర్లవారి పద్యంలో తప్పు వెతికాను, నా అలవాటు అది. 'నాన్న' వాడుక మాట, పక్కనే 'తరలంగ', 'జూచెను' గ్రాంథికం. జనకుడు అనో అయ్య అనో మార్చమందామనుకున్నాను. రెండూ పెట్టి పైకి చదివాను. వద్దు, నాన్నే ఉండాలి.

నాగావళి గట్టు (సంచాలకుడు)

నెల్లిమర్ల నార గారి పూరణకు ఈ వారం మొదటి స్థానం. సిద్ధాంతిగారి సవరించిన పద్యానికి రెండోది. మూడో పాదం కోసం అందులో పొందూరు అమ్మాయి పేరు కూడా చేరుస్తున్నాను.

ఇందాక ఆ పిల్లాడికి ఫోన్ చేసి పద్యం చదివి, అర్థం చెప్పాను. నీచ అంటే కూర్చోవడం అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ అవతల "నాన్నా, ఒకసారి నీచగా కూర్చో" అని వినిపించింది.

బొబ్బిలి సిద్ధాంతి

ఆ పిల్లాడి పుట్టిన వేళ నాకు పంపండి. డబ్బులేమీ వద్దు, నేను చూస్తాను. చూశాక వాళ్ళ నాన్నతో నేనే మాట్లాడతాను.

కళింగపట్నం మాష్టారు

పంపించండి, సిద్ధాంతిగారు లెక్క తప్పరు. సిద్ధాంతిగారూ, వచ్చే ఆదివారం నేను అరసవల్లి వస్తున్నాను. పుష్కరిణి మెట్ల దగ్గర కలుద్దాం. రథసప్తమి పద్యం సంగతి అక్కడ తేల్చుకుందాం. ఈలోగా 'తొలగదెప్పటికైన' అన్నది కాస్త చూడండి. నీచభంగం ఉందని మీరే చెప్పారు, మొదటి పాదంలో మీరే తొలగదన్నారు.