డిసెంబర్‌లో పది రోజులు: ఒంటరి దీవా, ఊరున్న బీచా?

ఇసుకగూడు (చర్చ మొదలుపెట్టినవారు)
డిసెంబర్ 20 నుంచి పది రోజులు సెలవు. నాకూ మా ఆయనకూ ఒకటే కోరిక: పొద్దున్నే లేవకూడదు, చూడాల్సినవాటి లిస్టు ఉండకూడదు, నీళ్లు వెచ్చగా ఉండాలి. ఆయన మాల్దీవులు అంటారు. నాకేమో ఒకే దీవి మీద పది రోజులంటే మూడో రోజుకే పిచ్చెక్కుతుందని భయం. బాలీ అయితే సాయంత్రాలు అలా బయట తిరిగి రావచ్చు కదా అంటాను. ఇంట్లో తేలడం లేదు, మీరే తేల్చండి.

నీటికాకి
నా ఓటు మీ ఆయనకే. బాలీలో డిసెంబర్ అంటే వానాకాలం. మాల్దీవుల్లో అప్పుడే ఈశాన్య గాలులు మొదలై, ఏప్రిల్ దాకా వానలు తగ్గుముఖం పడతాయి. డిసెంబర్‌లో ఇంకా కొన్ని జల్లులు పడొచ్చు.
ఇక పిచ్చెక్కడం గురించి. మాల్దీవుల్లో మేం దిగిన దీవిని చుట్టి రావడానికి పావుగంట పట్టేది. మొదటి రోజు నాలుగుసార్లు చుట్టాను, ఏదో పని ఉన్నట్టు. మూడో రోజుకి ఫోన్ ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. విశ్రాంతి అంటే అదే కదండీ!
ఒక్క జాగ్రత్త: దూరపు దీవులకు తీసుకెళ్లే సీప్లేన్లు (నీళ్ల మీద దిగే చిన్న విమానాలు) పగటి వెలుగులోనే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గరే గడపాలి.

లంగరు
ఇద్దరూ దేశం, దీవి పేర్లు పట్టుకుని వాదిస్తున్నారు. బీచ్ విషయంలో దేశం పేరుతో పని లేదు. ఏ నెల, ఏ వైపు ఒడ్డు అన్నదే లెక్క.
థాయిలాండ్‌నే చూడండి. డిసెంబర్‌లో పడమటి ఒడ్డున ఫుకెట్, క్రాబీ వైపు ఆకాశం తేటగా ఉంటుంది, సముద్రం చెరువులా ఉంటుంది. అదే వారం అవతలి వైపు కో సముయిలో కుండపోత పడుతూ ఉండొచ్చు. ఈశాన్యం నుంచి వచ్చే గాలి థాయిలాండ్ సింధుశాఖ మీదుగా తేమ మోసుకొచ్చి తూర్పు ఒడ్డున కుమ్మరిస్తుంది. మధ్యలో కొండలు అడ్డం, పడమటి వైపు గాలి మరుగు. మలేసియాలోనూ ఇదే కథ: పడమటి వైపు లంకావి బాగుంటుంది, తూర్పున పెర్హెంటియన్ దీవుల్లో చాలా రిసార్టులు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తలుపులే మూసేస్తాయి. శ్రీలంకలో దక్షిణ ఒడ్డున మిరిస్సా, ఉనవతునకి డిసెంబర్ సరైన సమయం, తూర్పున ట్రింకోమలీకి మాత్రం మే తర్వాతే.
ఇది కళ్లారా చూడాలంటే ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ చాలు. సన్నటి దీవి. డిసెంబర్‌లో పడమటి వైపు వైట్ బీచ్‌లో నీళ్లు కదలవు, పిల్లలు నడుం లోతులో నిలబడి ఆడుకుంటుంటారు. సన్నటి నడుం దగ్గర దీవిని అడ్డంగా కాసేపు నడిచి దాటితే బులబోగ్ బీచ్. అక్కడ మాట వినపడనంత గాలి, ఆకాశం నిండా కైట్‌సర్ఫింగ్ గాలిపటాలు. ఒకే దీవి, ఒకే గంట.

తీరికలేదు
లంగరు గారి వాతావరణ పాఠం బాగుంది కానీ వాన పడితే సెలవు పాడైపోయినట్టేనా? నేను జనవరిలో బాలీ వెళ్లాను. మధ్యాహ్నం దంచేది, సాయంత్రానికి తెరిపి ఇచ్చేది. వరండాలో కూర్చుని వాన చూడటం కంటే విశ్రాంతి ఏముంటుంది?
అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ నెలల్లో పడమటి గాలికి కుటా, సెమిన్యాక్ ఒడ్డుకి ప్లాస్టిక్ చెత్త కొట్టుకొస్తుంది. రోజూ ఎత్తేస్తున్నా మర్నాటికి మళ్లీ అంతే. తూర్పున సనూర్, నుసా దువా వైపు ఆ బాధ తక్కువ. (అవునండీ, మళ్లీ ఒడ్డు లెక్కే. లంగరు గారూ, నవ్వకండి.)

ఉప్పుగాలి
ఎవరూ ఆటుపోట్ల మాట ఎత్తలేదు. నాకు తగిలిన దెబ్బ చెబుతాను.
టాంజానియాలోని జాంజిబార్ దీవి, తూర్పు తీరంలో పాజే అనే ఊరు. ఫోటోలో గది ముందు దాకా నీలం నీళ్లు. తీరా పొద్దున లేచి చూస్తే సముద్రం లేదు! ఎక్కడో దూరాన తెల్లటి గీతలా అలలు, మధ్యలో తడి ఇసుక, నీటి మడుగులు, జానెడు ముళ్లతో సముద్రపు ఉర్చిన్లు. ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో కర్రల మధ్య తాళ్లు కట్టి నాచు సాగు చేసుకుంటున్నారు. చూడటానికి ఎంతో బాగుంది, కానీ నేను వెళ్లింది ఈతకి. చెప్పులు వేసుకుని అరగంట నడిచినా నీళ్లు తొడ దాటలేదు. అది పౌర్ణమి వారం అని తర్వాత తెలిసింది. అమావాస్య, పౌర్ణములకు అక్కడ ఆటుకీ పోటుకీ తేడా దాదాపు 4 మీటర్లు. హోటల్ వాళ్లను అడిగితే 'మధ్యాహ్నానికి వచ్చేస్తుందండీ' అన్నారు, బస్సు గురించి చెప్పినట్టు.
అదే దీవి ఉత్తరాన నుంగ్వి, కెండ్వాలో రోజంతా ఈదొచ్చు. బుక్ చేసే ముందు ఆ తేదీల ఆటుపోట్ల పట్టిక చూసుకోండి.

నీటికాకి
మాల్దీవుల్లో ఆ తేడా మీటరు లోపే ఉంటుంది. ఊరికే గుర్తు చేస్తున్నాను.

లంగరు
నిజమే. కానీ నీళ్ల మీద కట్టిన విల్లాలు చాలావరకు ఇసుక మేట మీదే ఉంటాయి. మెట్లు దిగగానే చేపలు కనిపిస్తాయనుకుంటే నిరాశే. పైగా 2016 వేడికి అక్కడి పగడాలు చాలా తెల్లబారి చచ్చిపోయాయి. ఈదుకుంటూ వెళ్లగలిగే దూరంలో బతికున్న పగడాలు ఉన్నాయా అని ముందే అడగండి.

తీరికలేదు
ఇన్ని మాట్లాడుకున్నాం గానీ అసలు తప్పు తేదీల్లో ఉంది. డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా ఎక్కడికి వెళ్లినా జనమే, రేట్లు మండుతుంటాయి, ఇన్ని రాత్రులు ఉండి తీరాలి అని కొన్ని రిసార్టులు షరతు కూడా పెడతాయి. సెలవు జనవరి రెండో వారానికి జరపగలరా? అదే గది, అదే సముద్రం, సగం గోల.

ఇసుకగూడు
అందరికీ థాంక్స్. తేదీలు జరగవు, ఆఫీసు ఒప్పుకోదు. బాలీ మాత్రం నేనే వదిలేశాను, ఆ చెత్త సంగతి విన్నాక మనసు రాలేదు. క్రాబీకి దక్షిణాన కో లాంటా చూస్తున్నాను. పడమటి ఒడ్డు, పొడుగాటి బీచ్, సాయంత్రం నడవడానికి చిన్న ఊరు. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. పక్క గదిలోంచి సీప్లేన్ వీడియోల మోత వినిపిస్తోంది. లాంటాకి వెళ్లేది వ్యాన్‌లో, ఫెర్రీలో అని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.