పిల్లలకి టేప్ స్ట్రిప్పింగ్ చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా పాపకి అటోపిక్ డెర్మటైటిస్, అంటే దురదతో చర్మం ఎర్రగా కందిపోయే ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక రాత్రంతా గోకుతూనే ఉంటుంది. ఇప్పుడు డాక్టర్ గారు ఒక పరిశోధన కోసం పాప చర్మం శాంపిల్ ఇస్తారా అని అడుగుతున్నారు. పంచ్ బయాప్సీ అయితే వెంటనే వద్దనేసేదాన్ని, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి 3, 4 మిల్లీమీటర్ల ముక్క తీయడం, కుట్టు, మచ్చ, చిన్నపిల్లకి అవన్నీ ఎందుకు చెప్పండి.

ఇది టేప్ స్ట్రిప్పింగ్ అట. రూపాయి బిళ్లంత గుండ్రటి స్టిక్కర్ అతికించి, కాసేపు నొక్కిపట్టి పీకేస్తారు, అదే చోట మళ్లీ కొత్తది, అలా పది ఇరవై దాకా. చర్మం పైపొరలోని మృతకణాలు దానికి అంటుకుని వస్తాయి, వాటిలో ఐఎల్-13 లాంటి, వాపు దురద పెంచే ప్రోటీన్లు ఎంత ఉన్నాయో, చర్మం పైపొరని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఎంత తక్కువగా ఉందో చూస్తారట. సూది లేదు, రక్తం రాదు, అంతవరకు బాగానే ఉంది.

నా టెన్షన్ వేరే. మామూలు చర్మంతో పాటు ఎర్రగా కందిన చోట కూడా తీస్తామన్నారు, అక్కడ మంట ఎంతసేపు ఉంటుంది? పాపది చామనఛాయ, దోమ కుట్టినా నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోతుంది, దీనికీ అలాగే అవుతుందా? పైగా ఆ చోట కొన్ని రోజుల ముందు నుంచే స్టిరాయిడ్ క్రీమ్, మాయిశ్చరైజర్ రాయకూడదట. ఆపితే దురద ఎక్కువైపోదా, ఆ రాత్రులు మీరెలా నెట్టుకొచ్చారు? డెర్మటాలజీ వాళ్లుంటే ఇంకోటి కూడా చెప్పండి, పాప రిపోర్టు మా చేతికి ఇస్తారా, లేక అది పరిశోధనకే పరిమితమా?