అమ్మకి షుగర్, చిగుళ్ల నుంచి రక్తం: డీప్ క్లీనింగ్ చేయించినవాళ్లు చెప్పండి

అమ్మకి షుగర్. మందులు పెంచినా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్ట్) 9 దగ్గరే ఉంటోంది. ఈమధ్య బ్రష్ చేస్తే ఉమ్ములో రక్తం పడుతోంది. కింది ముందుపళ్ల దగ్గర చిగురు జారి వేరు బయటికి కనిపిస్తోంది, జామకాయ కొరకలేకపోతోంది. డాక్టరుగారు పయోరియా (చిగుళ్ల జబ్బు) అన్నారు, డీప్ క్లీనింగ్ (చిగుళ్ల లోపలి దాకా గార తీయడం) చేయాలన్నారు. చిగుళ్ల ఇన్ఫెక్షన్ వల్ల షుగర్ అదుపులోకి రాదట, షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు మానవట.

అమ్మేమో "గార తీస్తే పళ్లు కదిలిపోతాయి" అని మొండికేస్తోంది. అసలు ఆ గార వల్లే కదా పళ్ల కింద ఎముక అరిగిపోయేది!

మీ ఇళ్లల్లో ఎవరికైనా ఇది చేయించాక షుగర్ కొంచెమైనా తగ్గిందా? గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్ అప్పుడు ఆపమన్నారా? బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తోనూ కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయట, మాత్ర మార్పించినవాళ్లున్నారా? పెద్దవాళ్లని ఎలా ఒప్పించారో కూడా చెప్పండి, ప్లీజ్.