సైగలు నేర్పితే మాట రాకుండా పోతుందా?

పాప నాన్న:
మా పాపకు రెండున్నరేళ్లు, డౌన్ సిండ్రోమ్ (ఎదుగుదల నెమ్మదించే, పుట్టుకతో వచ్చే జన్యు తేడా). చెప్పింది బాగానే అర్థమవుతుంది. "బంతి ఏదీ?" అంటే మంచం కిందికి దూరి మరీ తెస్తుంది. నోట మాత్రం మూడే మాటలు. స్పీచ్ థెరపిస్టు సైగలు నేర్పమన్నారు. చేతులకు అలవాటు పడితే ఇక నోరు విప్పదని మా అమ్మ పట్టు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

ఉష:
నాదీ మీ అమ్మగారి మాటే. చెయ్యి ఊపితే పని జరిగిపోతుంటే నోరెందుకు కదుపుతారు? మా బాబు నోటితో అడిగేదాకా ఏదీ ఇచ్చేవాళ్లం కాదు. ఆలస్యంగానైనా మాటలొచ్చాయి.

స్పీచ్ థెరపిస్టు:
ఉష గారూ, ఆ ఆలస్యంలో బాబు ఎంత ఏడ్చాడో కూడా చెప్పండి మరి. ఈ పిల్లలకు అర్థం కావడం ముందు, చెప్పడం వెనక. నోటి కండరాల్లో పట్టు తక్కువ. పైగా విన్నదానికన్నా చూసింది బాగా గుర్తుంటుంది. అందుకే సైగ ముందు పట్టుబడుతుంది. ఉత్త చేతులతో సరిపెట్టకండి, సైగ చేసిన ప్రతిసారీ మాట కూడా పలకండి. పలకడం తేలికయ్యేకొద్దీ సైగను వాళ్లే వదిలేస్తారు. సైగల వల్ల మాట ఆగిపోతుందని పరిశోధనల్లో తేలలేదు.

ఉష:
ఏడ్చాడు, కాదనను. కానీ బయటివాళ్లకు మీ సైగలు తెలియవుగా? అక్కడేం చేస్తాడు?

స్పీచ్ థెరపిస్టు:
ఒక్క ముక్క కూడా స్పష్టంగా రాని పిల్లాడు అక్కడ ఏం చేస్తాడో, అదే. ఇంట్లోనైనా వాడి మాట చెల్లాలి కదండీ.

రఘు:
ముందు చెవులు చూపించారా? మావాడు పుట్టినప్పటి పరీక్షలో పాసయ్యాడని మేం నిశ్చింతగా ఉన్నాం. నొప్పి లేదు, చీము లేదు. తీరా చూస్తే మధ్యచెవిలో జిగురు నీరు! పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి తిరిగేవాడు, ఒక్కోసారి తిరిగేవాడు కాదు. మొండితనం అనుకుని కసిరాం. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఈ పిల్లలకు చెవి దారులు ఇరుకు కాబట్టి ఇది తరచూ వస్తుందట. చిన్న వయసులో ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించమన్నారు.

పాప నాన్న:
చెవుల పరీక్షకు తేదీ తీసుకున్నాను. ఈలోగా ఒక్క సైగ మొదలుపెట్టాం: రెండు చేతుల వేళ్ల కొసలు కలిపి తట్టడం, "ఇంకా" అని. బంతి విసరడం ఆపగానే నిన్న పాప వేళ్లు కలిపింది. దాంతోపాటే "ఇ... కా" అంది. మా అమ్మ విని, "అది దగ్గు" అంది.