‘తేరీ బేరీ కే నీచే’: బేరీయా, బైరీయా?

అరసున్న: 2002 నాటి హిందీ పాట ‘కాఁటా లగా’ (ముల్లు గుచ్చుకుంది) రీమిక్స్‌లో ‘బంగ్లే కే పీఛే’ (బంగళా వెనక) తర్వాత నాకు ‘తేరీ బైరీ కే నీచే’ అనే వినబడుతోంది. 1972 సినిమా ‘సమాధి’లోని అసలు పాటలో, లత గొంతులో మాత్రం ‘బేరీ’ (రేగుచెట్టు). గీత రచయిత మజ్రూహ్ సుల్తాన్‌పురి రాసింది ఏదంటారు?

నిషాదం: బేరీయే. ‘బైరీ’ (శత్రువు) పుంలింగం, ‘తేరే బైరీ కే’ కావాలి. శత్రువు ఆడదైతే ‘బైరన్’. ‘తేరీ’ (నీ) అతికేది స్త్రీలింగమైన ‘బేరీ’కే, అంటే రేగుచెట్టుకే.

వలపలగిలక: వ్యాకరణం సరే, చెవి సంగతో? హిందీ ‘ఐ’ మన అ+ఇ కాదు. ‘వెళ్ళాడు’లో ‘ళ్ళా’ను మనం పలికే తీరుకు దగ్గర. బేరీకీ బైరీకీ నోరు తెరవడంలోనే తేడా. లయ పెంచితే దీర్ఘం కురచైపోతుంది, దాని మీద డ్రమ్ము పడితే అచ్చు మసకబారుతుంది. బాస్ తగ్గించి, వేగం 0.75కి దించి, ‘తేరీ’లో ఏత్వంతో పోల్చి వినండి.

నిషాదం: లత పాటలో రెండు ఏత్వాలూ ఒకటే. తేరీ–బేరీ, పీఛే–నీచే. ఇంత చిక్కటి ప్రాసను మజ్రూహ్ చేజేతులా చెడగొట్టుకోడు. ఫాల్కే అవార్డు అందుకున్న తొలి సినీ గీత రచయిత ఆయన!

వలపలగిలక: ఆయనది సుల్తాన్‌పూర్, అవధీ నేల. ఠుమ్రీల్లో (ప్రేమ, విరహాల హిందుస్తానీ పాటల్లో) ‘బైరీ పియా’ (పగవాడైన ప్రియుడు) ఎంత వాడుకో మీకు తెలియనిది కాదు. రేగు అంటూనే ఆ ఛాయ కూడా చెవిన పడాలనే రాశాడని నా నమ్మకం.

తలకట్టు: ఇంతకీ బేరీ అంటే గంగరేగా, రేగు కంపా? ఝడ్‌బేరీ పొట్టి పొద, దాని కింద నిలబడలేం. ‘నీచే’ (కింద) అన్నాడంటే చెట్టే. రేగుముళ్ళు జంటగా ఉంటాయి: ఒకటి నిటారు, ఒకటి కొక్కెం. నిటారుది దిగుతుంది, కొక్కెం వదలదు. ఈ పాటకు తుమ్మముల్లు చాలదు.

అరసున్న: రేగుముల్లంటే హిందీ కవి రహీమ్ దోహానే (ద్విపదే). ‘కేర బేర కో సంగ’, అరటికీ రేగుకీ పొత్తు. ‘వే డోలత రస ఆపనే, ఉనకే ఫాటత అంగ’: అవి (‘వే’) తమ ధోరణిలో ఊగితే, వాటి (‘ఉనకే’) ఒళ్ళు చిరుగుతుంది. ముల్లు అరిటాకు మీద పడ్డా, అరిటాకు ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అన్న మన సామెత అచ్చంగా ఇదే.

నిషాదం: ‘బేర కేర’ అండీ. బేర ముందుంటేనే ‘వే’ రేగుకీ, ‘ఉనకే’ అరటికీ వరసగా అన్వయిస్తాయి.

తలకట్టు: అన్వయానికి వరసే దిక్కా? ఊగేదేదో, చిరిగేదేదో అర్థమే చెబుతోంది. ‘కేర బేర’ పాఠమూ ఉంది, నాకు అదే ఇష్టం.